పాటిమన్ను బండి
(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "నీ పాత జ్ఞాపకాలు ఏమన్నా చెప్పు, పది నిమిషాలు చాలు" అన్నాడు. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా సోషల్ చెప్పిన వాణ్ణి. సోషల్ అయ్యవారికి పది నిమిషాలు ఇస్తే హాజరు పిలవడానికే చాలవు. కొంచెం ఎక్కువైతే మన్నించండి.

జ్ఞాపకం అన్నారు కాబట్టి ఒక వస్తువు తెచ్చినాను. ఇదిగో, నా చేతిలో ఉన్నది. వెనక కూర్చున్న వాళ్ళకు కనపడకపోవచ్చు. కుండపెంకు. అరచేతిలో సగం కూడా లేదు. బయటివైపు ఎర్రగా ఉంటుంది, లోపలివైపు నల్లగా ఉంటుంది. అంచు దగ్గర నలుపు బయటికి కూడా వచ్చింది. చేత్తో తడిమితే నున్నగా తగులుతుంది. ఇది మా నాయన నాకు ఇచ్చిన ఆస్తి. చేను తమ్ముడు చేసుకుంటున్నాడు, పెంకు నాకు వచ్చింది. పంపకంలో నాకు తక్కువేం రాలేదని ఈ పొద్దు మీకు చెప్పాలని వచ్చినాను.

మాది దేవనకొండకు నాలుగు మైళ్ళ దూరంలో పల్లె. మా ఊరి పడమర ఒక దిబ్బ ఉండేది. దాన్ని పాటి అనేవాళ్ళం. మీ ఊళ్ళలో కూడా ఉంటుంది. పాటిదిబ్బ అనో, పాతూరు అనో, బూడిదదిబ్బ అనో ఏదో ఒక పేరు ఉంటుంది. ఎప్పుడో ఊరు ఉండి, గత్తర తగిలో కరువొచ్చో లేచిపోయిందని మా అవ్వ చెప్పేది. ఏ కాలమవ్వా అంటే "మీ తాత తాత పుట్టకముందు" అనేది. ఆమె లెక్కలో అంతకు ముందు కాలం లేదు.

ఉగాది పోయినాక, ముంగారు వానలు పడేలోగా మా ఊళ్ళో అందరికీ ఒకటే పని, పాటిమన్ను తోలడం. ఎద్దులబండి పాటి కాడికి కొట్టుకపోయి, గడ్డపారలతో దిబ్బను పొడిచి, పారలతో బండికెత్తి, చేన్లో కుప్పలు కుప్పలుగా పోసి, గుంటక తోలేవాళ్ళం. పాటిమన్ను పడిన చేన్లో జొన్న ఎంత ఏపుగా వచ్చేదో నా తోటివాళ్ళకు తెలుసు. దానికి కారణం ఉంది. మనుషులు వందల ఏళ్ళు ఒకచోట ఉంటే అక్కడ పొయ్యి బూడిద, పశువుల పేడ, ఎముకలు, చెత్తాచెదారం అన్నీ మన్నుతో కలిసిపోతాయి. అదే పంటకు బలం. మా నాయన "యూరియా కొనేది అంగట్లో, ఇది తాతలు పెట్టిపోయింది" అనేవాడు.

మన్నులో కుండపెంకులు వచ్చేవి. మా పిల్లకాయలకు అవి తొక్కుడుబిళ్ళలు. గుండ్రంగా అరగదీసి ఆడుకునేవాళ్ళం. అప్పుడప్పుడు పూసలు దొరికేవి. ఆడపిల్లలు దారానికి గుచ్చుకునేవాళ్ళు. ఒకసారి మా సోషల్ సారు నా చేతిలో బిళ్ళ చూసి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఈ కుండ లోపల నలుపు, బయట ఎరుపు ఎట్లా వచ్చింది రా?" అని తరగతినంతా అడిగినాడు. పొయ్యి మీద పెట్టింటే బయట కదా నల్లగా మాడాల్సింది, లోపల ఎందుకు నలుపు? ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే సారుకు కూడా తెలిసినట్టు లేదు. "తెలుసుకోండి" అని బిళ్ళ నాకే ఇచ్చి బోర్డు వైపు తిరిగినాడు. ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది.

1977లో ఆదోనిలో బి.ఏ. పాసై ఇంటికొచ్చినాను. ఉద్యోగం లేదు. అప్పటికే మా చేన్లో పాటిమన్ను తోలడానికి నాకంటే తమ్ముడే పనికొచ్చేవాడు. నందికొట్కూరు వైపు ఉన్న మా మామ ఒకరు కబురు పెట్టినాడు. తుంగభద్ర ఒడ్డున శాతనికోటలో కేంద్ర పురావస్తు శాఖ వాళ్ళు తవ్వుతున్నారు, చదవను రాయను వచ్చినోళ్ళు కావాలంట, దినకూలి అన్నాడు. 1978 సంక్రాంతి పోయినాక సంచి భుజానికేసుకుని పోయినాను.

శాతనికోట గురించి మన జిల్లాలోనే చాలామందికి తెలీదు. తుంగభద్ర కుడి ఒడ్డున ఉన్న ఊరు. 1977 నుంచి 1980 దాకా అక్కడ తవ్వకాలు జరిగినాయి. ఎన్.సి. ఘోష్ గారు దాని పెద్ద. ఆ నివేదిక 1986లో పురావస్తు శాఖ గ్రంథమాలలో పుస్తకంగా వచ్చింది. అప్పుడే ఎందుకు తవ్వినారంటే, శ్రీశైలం డ్యాం కడుతున్నారు. 885 అడుగుల మట్టానికి నీళ్ళు నిలిస్తే కృష్ణ, తుంగభద్ర ఒడ్డుల్లో చాలా భాగం మునుగుతుంది. మునిగేలోగా ఆ ఒడ్డుల మీద ఏమేం ఉన్నాయో చూసుకోవాలని ఆ రోజుల్లో నదుల వెంట పని జరిగింది. కృష్ణ ఒడ్డున వీరాపురంలో హైదరాబాదులోని బిర్లా పురావస్తు సంస్థ వాళ్ళు టి.వి.జి. శాస్త్రి గారి ఆధ్వర్యంలో తవ్వినారు.

నాకు మొదట ఇచ్చిన పని తట్ట మోయడం. చదివిన చదువుకు ఇదా అని మొదటివారం రోషం వచ్చింది. తర్వాత పెంకులు కడిగే పని ఇచ్చినారు. బ్రష్షుతో కడిగి, ఎండకు ఆరబెట్టి, ఒక్కోదాని మీద నల్ల ఇంకుతో సన్నగా గుర్తు రాయాలి. ఏ గుంత, ఏ పొర, ఎంత లోతు. మా నాయన దిబ్బలో బండ్లకొద్దీ ఎత్తిపోసిన పెంకుల్ని ఇక్కడ ఒక్కొక్కదాన్ని పసిబిడ్డకు తలంటినట్టు కడుగుతాండాము.

నా చిన్ననాటి ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. ఆ కుండల్ని కాల్చేటప్పుడు బోర్లించి పెడతారు. మూతి కిందికి ఉండి, బూడిదలో, పొట్టులో పూడుకుపోతుంది. లోపలికి గాలి ఆడదు. గాలి తగలని చోట మన్ను నల్లబడుతుంది, గాలి, మంట తగిలిన బయటివైపు ఎర్రబడుతుంది. అందుకే లోపలంతా నలుపు, అంచు దగ్గర నలుపు, మిగతా ఎరుపు. ఇనుము వాడకం మొదలైన కాలం నుంచి శాతవాహనుల నాటిదాకా మన దక్షిణాదిలో ఇట్లాంటి కుండలు చేసినారు. మనం పాండవుల గుళ్ళు అని పిలిచే రాతి సమాధుల్లో కూడా ఇవే ఉంటాయి. ఇంత చిన్న సంగతి తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సారుకు ఉత్తరం రాసినాను. అప్పటికి ఆయన బదిలీ అయిపోయినాడు. ఉత్తరం తిరిగొచ్చింది.

తవ్వకం అంటే మనకు తెలిసింది బావి తవ్వకం, పునాది తవ్వకం. ఎంత తొందరగా లోతుకు పోతే అంత మంచిది. అక్కడ అట్లా కాదు. నేలను చదరాలుగా గీసుకుంటారు. చదరానికీ చదరానికీ మధ్య గట్టు వదిలేస్తారు, దాన్ని తవ్వరు. ఎందుకంటే గుంత లోతుకు పోయేకొద్దీ ఆ గట్టు గోడలో మన్ను పొరలు కనపడతాయి. బూడిద పొర ఒక రంగు, నేల అలికిన పొర ఒక రంగు, వరద తెచ్చిన ఒండ్రు ఒక రంగు. అది పుస్తకం. గడ్డపార తక్కువ, తాపీ ఎక్కువ. రోజంతా గీకితే నాలుగు వేళ్ళ లోతు. కింద పొర ముందటిది, పై పొర తర్వాతది. చూస్తే ఇంతే సూత్రం. కానీ మధ్యలో ఎవడో ఒక గుంత తవ్వి పూడ్చింటే పైది కిందికి పోయింటుంది. ఆ గుంత అంచును కనిపెట్టడంలోనే పనితనం ఉంది.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చినాను.

రెండో ఏడు, ఎండలు ముదిరినాక. మధ్యాహ్నం అన్నాలకు అందరూ పోయినారు. నేను గుంత కాడ కూర్చున్నాను. గోడ పక్కన నేలలో ఒక చిన్న కుండ మూతి బయటపడి ఉంది. పగలని కుండ. మాకు రోజూ వచ్చేవి పెంకులే, నిండుకుండ ఒకటి దొరికితే పండగ. పెద్దసారు వచ్చేసరికి తీసి కడిగి చేతిలో పెడితే మెచ్చుకుంటాడని ఆశ పుట్టింది. వేళ్ళతో చుట్టూ మన్ను తీసి, కదిలించి, పైకి లాగినాను. చక్కగా వచ్చింది. ఒక్క చెక్క కూడా లేవలేదు. లోపలి మన్ను దులిపి పారేసి, నీళ్ళతో కడిగి పెట్టినాను.

వాళ్ళు తిరిగొచ్చినారు. సారు కోప్పడతాడనుకోలేదు, కోప్పడలేదు కూడా. ఆయన తెలుగువాడు కాదు, వచ్చీరాని తెలుగులో మాట్లాడేవాడు. కుండను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసినాడు. గుంతలోకి దిగి కుండ ఉన్న చోటు చూసినాడు. అక్కడ నా వేళ్ళ గుర్తులు తప్ప ఏమీ లేవు. "లోపల ఏమి ఉండెను?" అన్నాడు. మన్ను సార్ అన్నాను. "ఏమి మన్ను? బూడిదయా? గింజయా? ఎముకయా?" నాకు తెలీదు. "నిలబడి ఉండెనా, బోర్లా ఉండెనా? ఇంటి నేల మీదనా, నేల కిందనా?" నాకు తెలీదు. ఆయన కుండను నా చేతికే ఇచ్చి, "కుండ దొరికింది. కుండ ఉన్న ఇల్లు పోయింది" అని పైకి పోయినాడు.

ఆ కుండ వంటదా, దాపుడుదా, చనిపోయినవాళ్ళ కోసం పెట్టిందా, ఇంటి నేల కింద పుట్టిన బిడ్డ కోసం పాతిపెట్టిందా, ఇంక ఎవరూ చెప్పలేరు. నేను అబద్ధం ఆడలేదు, దొంగతనం చేయలేదు, పగలగొట్టలేదు. మెచ్చుకోలు కోసం తొందరపడినాను, అంతే. రెండువేల ఏళ్ళు మన్ను దాచిపెట్టిన సంగతిని ఒక అన్నం పూటలో పోగొట్టినాను. ఆ రాత్రి మొదటిసారి లెక్క వేసుకున్నాను. ఒక కుండకే ఇంత అయితే, నా చిన్నతనం నుంచి మా నాయన, నేను కలిసి తోలిన పాటిమన్ను బండ్లు ఎన్ని?

శాతనికోటలో ఏం బయటపడిందో రెండు ముక్కల్లో చెప్తాను. అన్నిటికన్నా కింద పాతరాతి కాలపు మనుషులు చెక్కిన రాతి పనిముట్లు. ఆ తర్వాత వేల ఏళ్ళు అక్కడ ఎవరూ కుదురుకోలేదు. తర్వాత శాతవాహనుల కాలానికి, అంటే సుమారు క్రీస్తుకు అటూ ఇటూ శతాబ్దాల్లో, చుట్టూ గోడ, అగడ్తతో ఒక కోట ఊరు. ఆ కాలపు ఇటుక మన ఇటుకల మాదిరి కాదు, ఒక్కోటి ఇప్పటి ఇటుకకంటే చాలా పెద్దది. తర్వాత మధ్యయుగాల్లో మళ్ళీ ఊరు. అంటే ఒకే నేల మీద మనుషులు వచ్చినారు, ఉన్నారు, పోయినారు, మళ్ళీ వచ్చినారు. రాజుల పేర్లు పాఠంలో చెప్పినప్పుడు ఇది నాకు ఎప్పుడూ తట్టలేదు. రాజ్యం మారితే ఊరు మారదు, పొయ్యి ఉన్న చోటే పొయ్యి పెట్టుకుంటారు. నీళ్ళు మారితే, నది మారితే ఊరు లేస్తుంది.

ఊరు లేవడం అన్నమాట అక్కడ పుస్తకంలో మాట కాదు. మాతో తట్టలు మోసిన ఆడవాళ్ళలో, మగవాళ్ళలో కొందరివి ముంపు ఊళ్ళు. ఇంకో రెండు మూడేళ్ళలో వాళ్ళ ఇళ్ళు ఖాళీ చేయాలి. తమ ఊరు ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియని మనుషులు కూలికొచ్చి, ఎప్పుడో ఖాళీ అయిన ఊరిని తవ్వుతున్నారు. ఒక పెద్దమ్మ ఉండేది, నన్ను "అబ్బోడా" అని పిలిచేది. గుంతలో ఒక ఇంటి నేల బయటపడిన రోజు, పొయ్యి గుర్తు, మూడు రాళ్ళు అట్లానే ఉన్నాయి, ఆమె తట్ట దించి అక్కడే నిలబడిపోయింది. "అబ్బోడా, పోయేటప్పుడు పొయ్యిరాళ్ళు తీసుకపోలేదే వీళ్ళు?" అంది. నేను ఏమో పెద్దమ్మా అన్నాను. "మేం తీసుకపోతాం లే" అంది.

1981 ప్రాంతంలో కృష్ణ, తుంగభద్రల వెంట వందకు పైగా ఊళ్ళు లేచిపోయినాయి. గుళ్ళను మాత్రం కొన్నిటిని రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, ఎత్తున మళ్ళీ కట్టినారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అట్లా ఆలంపురం చేరింది. మన కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద ఉన్న గుడి అట్లా వచ్చిందే. ముచ్చుమర్రి వైపు ఉన్న సంగమేశ్వరం మాత్రం నీళ్ళలోనే ఉంది. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు బయటికొస్తుంది, మనం పోయి వేపమొద్దు లింగానికి దండం పెట్టుకుని వస్తాం. రాళ్ళకు నంబర్లు వేసి ఎత్తుకొచ్చిన పని గొప్పదే. కాదనను. కానీ ఆ పెద్దమ్మ పొయ్యిరాళ్ళకు నంబరు వేసినవాళ్ళు లేరు. ఆమె ఏ ఊరికి పోయిందో నాకు తెలీదు. అడిగి రాసుకోవాల్సింది, రాసుకోలేదు.

సరే, నేను ఇంటికొచ్చినాను. 1980 ఎండాకాలం. మా నాయన బండి కట్టుకుని పాటి కాడికి పోతున్నాడు. నేను అడ్డం నిలబడినాను. నాయనా, పాటిమన్ను తోలొద్దు, అది పాతకాలపు ఊరు, పొరలు చెడిపోతాయి అని శాతనికోట పాఠమంతా చెప్పినాను. ఆయన ఎద్దులను ఆపి, ఓపికగా విన్నాడు. చివరికి "అయితే చేను పండొద్దా రా?" అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఈ రోజుకూ పూర్తిగా లేదు. వానకు పండే నేల మనది. ఆ ఏడు చేనుకు బలం లేకపోతే ఆ ఏడు మా ఇంట్లో తిండి తక్కువ. ఆ తిండి తిని, ఆ జొన్నలమ్మిన డబ్బుతో నేను బి.ఏ. చదివినాను. పాటిదిబ్బ మీద ఎవరో పూర్వులు వదిలిన బూడిద నా ఫీజు కట్టింది. చదువుకుని వచ్చి నేను ఆయన బండి ఆపుతున్నాను. బండి పక్కకు తప్పుకున్నాను. ఆయన పోయినాడు.

కానీ సాయంత్రం తిరిగొచ్చినాక పిలిచి, "మీ సారోళ్ళు ఏది తీయొద్దన్నారో చూపియ్యి" అన్నాడు. ఇద్దరం పాటి కాడికి పోయినాము. అప్పటికే సగం దిబ్బ లేదు. తవ్విన పక్క నిట్టనిలువుగా గోడ మాదిరి ఉంది. అందులో పొరలు శాతనికోట గట్టులో కనపడినట్టే కనపడినాయి. బూడిద, ఎర్రమన్ను, మళ్ళీ బూడిద, కాలిన మన్నుగడ్డలు. ఇది ఇంటి నేల, ఇది పొయ్యి, ఇది వాన కొట్టుకొచ్చిన మన్ను అని చూపించినాను. ఆయన వేలితో ఒక పొర వెంట మెల్లగా అటు చివరిదాకా పోయినాడు. "అలికినారు" అన్నాడు. తర్వాత ఒక మాటన్నాడు. "వేపచెట్టు ఉన్న భాగం ముట్టుకోం. ఈ పక్క ఎట్లా చెడింది, ఇక్కడే తోలుకుంటాం." ఊళ్ళో నలుగురికి ఆయనే చెప్పినాడు. నేను చెబితే వినేవాళ్ళు కాదు.

వేపచెట్టు భాగం ఇప్పటికీ ఉంది. సుమారు అర ఎకరా ఉంటుంది. మా ఊరి చరిత్రలో మిగిలింది అంతే, అది బి.ఏ. చదివినవాడు కాపాడింది కాదు, బండి తోలినవాడు కాపాడింది.

ఈ పెంకు తర్వాత చాలా ఏళ్ళకు ఇచ్చినాడు. గొర్రు తోలుతుంటే చేన్లో తగిలిందంట. పంచె కొసన ముడేసుకుని తెచ్చి, "లోపల నలుపు, బయట ఎరుపు, బోర్లించి కాల్చింది, అంతే కదా?" అన్నాడు. నేను అవునన్నాను. బడికి పోని మనిషి. ఆ ఒక్క ప్రశ్నకు మా తరగతిలో ఎవరం జవాబు చెప్పలేకపోయినాము.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. మనం వెనకబడిన ప్రాంతం అని వింటూ పెరిగినాము. మన నేల మాత్రం వెనకబడింది కాదు, చాలా ముందునుంచి ఉంది. పత్తికొండ నుంచి గుత్తి పోయే దారిలో ఎర్రగుడి ఉంది. 1929 ప్రాంతంలో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడి బండల మీద అశోకుని శాసనాలు చూసినాడు. పెద్ద శిలాశాసనాలు పద్నాలుగూ, చిన్న శాసనాలూ రెండూ ఒకేచోట ఉండడం చాలా అరుదు. అందులో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, ఎద్దులు మడక తిప్పుకున్నట్టు రాసినారు. తల్లిదండ్రుల మాట వినమని, శిష్యులు గురువును గౌరవించాలని అందులో ఉంది. బడి సభలో చెప్పుకోదగిన మాట, 2,200 ఏళ్ళకు పైబడి మన బండ మీద ఉంది. పత్తికొండ దగ్గరే రాజులమందగిరిలో ఇంకో శాసనం ఉంది. అశోకుని కాలపు సువర్ణగిరి మన జొన్నగిరే అని చాలామంది పండితులు చెప్తారు. తొలకరి పడగానే వజ్రాల కోసం జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వేలమంది తలలు వంచుకుని వెతుకుతారు కదా, ఆ చేలల్లోనే.

ఇంకా వెనక్కు పోతే, ఆదోని తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ జిల్లా అంతా రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు పందొమ్మిదో శతాబ్దంలో తిరిగి రాతి గొడ్డళ్ళు, బూడిదదిబ్బలు గుర్తించి రాసిపెట్టినాడు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో మన దేశపు తొలి పాతరాతి పనిముట్టును గుర్తించింది ఆయనే. ఆ బూడిదదిబ్బల్ని రాక్షసుల బూడిద అని జనం అనుకునేవాళ్ళు. కృష్ణకు ఆవల ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే ఇంగ్లండు పండితుడు తవ్వి, అవి నాలుగైదు వేల ఏళ్ళ కిందటి పశుల దొడ్లలో పేడ కాలి ఏర్పడినవని తేల్చినాడు. అంటే మన పేడదిబ్బకు, మన పాటిమన్నుకు అంత పాత వంశం ఉంది.

మా నాయన బండి వేసవికి ఇరవై ముప్ఫై సార్లు పోయేది. ఇప్పుడు జేసీబీ ఒక పొద్దులో ఊరి దిబ్బను నేలమట్టం చేస్తుంది, ట్రాక్టర్లు రోడ్డు కింద పోసేస్తాయి. అది చేనుకు కూడా పోదు. ఇంకోపక్క గుప్తనిధుల పిచ్చి. అమావాస్య రాత్రి నిమ్మకాయలు, గడ్డపారలు పట్టుకుని పాండవుల గుళ్ళు పడగొడుతున్నారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. రెండేళ్ళు తవ్వకంలో పనిచేసినాను, మేం వేల పెంకులు కడిగినాము, నేను ఒక్క బంగారు కాసు కూడా చూడలేదు. పైగా 1878 నాటి చట్టం ఇంకా ఉంది. పది రూపాయలకు మించిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి, దాచిపెడితే నేరం.

ఈ సంఘం యాభై ఏళ్ళుగా పేద పిల్లలకు పుస్తకాలిచ్చింది, బడికి గదులు కట్టించింది. ఈ రోజు ఇంకొక్క పని అడుగుతున్నాను, డబ్బు ఖర్చు లేనిది. మనం ఎన్నో ఊళ్ళనుంచి వచ్చి ఇక్కడ చదువుకున్నాము. ఎవరి ఊరి పాటిదిబ్బ గురించి వాళ్ళు ఒక కాగితం రాయండి. దాన్ని ఊళ్ళో ఏమంటారు, ఏ దిక్కున ఉంది, సర్వే నంబరు ఎంత, ఎంత మిగిలింది, పెద్దవాళ్ళు దాని గురించి ఏం కథ చెప్తారు. ఫోన్‌తో నాలుగు పక్కలా నాలుగు ఫోటోలు తీయండి. ఏదీ తవ్వొద్దు, ఏదీ ఏరి తేవొద్దు. నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. ఆ కాగితాలన్నీ ఒక నోటుబుక్కులో అంటించి ఒక ప్రతి బడి లైబ్రరీలో, ఒక ప్రతి తహసీల్దారు ఆఫీసులో, ఒకటి పురావస్తు శాఖకు ఇద్దాం. రేపు ఎవరన్నా రోడ్డు వేసేటప్పుడు, ప్లాట్లు వేసేటప్పుడు, ఇక్కడ ఒకటి ఉందని చెప్పడానికి కాగితం ఒకటి ఉంటుంది. మొదటి కాగితం, మా ఊరిది, నేను రాసి తెచ్చినాను. కార్యదర్శి చేతికి ఇస్తున్నాను.

అడ్డం నిలబడి రైతు బండి ఆపమని మాత్రం చెప్పను. పక్కన కూర్చుని చూపించండి. చూస్తే వాళ్ళే ఆపుతారు.

ఈ పెంకును కూడా బడికే ఇస్తున్నాను. శాతనికోటలో నేర్చుకున్న పద్ధతిలోనే చీటీ రాసి కట్టినాను. వస్తువు: కుండపెంకు, నలుపు ఎరుపు. దొరికిన చోటు: మా నాయన చేను. ఇచ్చినవారు: మా నాయన. పొర అన్నచోట, లోతు అన్నచోట ఏమీ రాయలేదు. దిబ్బ మీద నుంచి చేన్లోకి దీన్ని తెచ్చింది మా బండే. ఏ పొరలోది, ఏ ఇంట్లోది అని చెప్పేవాళ్ళు లేరు. సోషల్ చెప్పే అయ్యవారు ఎవరన్నా పిల్లలకు దీన్ని చూపించి, లోపల నలుపు, బయట ఎరుపు ఎందుకు అని అడిగితే, జవాబు తెలుసు కాబట్టి చెప్పండి. చీటీలో ఆ రెండు గళ్ళు ఎందుకు ఖాళీగా ఉన్నాయని పిల్లలు అడిగితే, దానికి కూడా జవాబు చెప్పండి.